అద్దెకున్నవాళ్లు సామాను వదిలేసి వెళ్తే ఓనర్ ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

ఇల్లు ఖాళీ అయింది, తాళం చెవి చేతికొచ్చింది. లోపలికెళ్లి చూస్తే అటక మీద రెండు అట్టపెట్టెలు, బాల్కనీలో తుప్పుపట్టిన సైకిలు, పడగ్గదిలో బీరువా, ఆ బీరువాలో తాళం వేసిన సొరుగు. వచ్చే వారం కొత్తవాళ్లు దిగాలి. అలాంటప్పుడు ఎవరికైనా తట్టేవి రెండే ఆలోచనలు. అంతా పాత సామాన్లవాడికి వేసేయడం ఒకటి, పనికొచ్చేది మనమే ఉంచేసుకోవడం రెండోది. రెండూ ఆ రోజు చేయకూడని పనులే.

ఇల్లు మీదే, సామాను మాత్రం ఇంకా వాళ్లదే. అద్దె గడువు ముగిసినా, బాకీ పెట్టి వెళ్లినా, ఫోన్ ఎత్తకపోయినా ఆ వస్తువుల మీద వాళ్ల హక్కు దానంతటదే పోదు. మీరు కోరుకోకపోయినా వాటికి మీరే కాపలాదారు అయ్యారన్నది చాలా దేశాల చట్టాల ధోరణి. అలాగని ఈ కాపలా ఏళ్ల తరబడి కాయనక్కర్లేదు. వాళ్లకు చెప్పినట్టు రుజువు, తీసుకెళ్లడానికి సరిపడా గడువు, ఆ గడువులో వస్తువులు భద్రంగా ఉన్నట్టు రికార్డు ఉంటే చాలావరకు బయటపడతారు. అవి లేకపోతే, చిరిగిన పరుపు పారేసినందుకు "అందులో డబ్బు దాచుకున్నాను" అనే మనిషితో వాదించాల్సి వస్తుంది.

1. వాళ్లు నిజంగా వెళ్లిపోయారా?

తాళాలు అప్పజెప్పి, లెక్కలు చూసుకుని వెళ్లినవాళ్ల విషయంలో ఈ ప్రశ్నే రాదు. చిక్కంతా చెప్పాపెట్టకుండా మాయమైనవాళ్లతోనే. రెండు నెలలు అద్దె రాకపోవడం, తలుపుకు తాళం ఉండటం మాత్రమే చాలవు. మనిషి ఆసుపత్రిలో ఉండొచ్చు, దూరంగా ఎవరికో బాగాలేక వెళ్లి ఉండొచ్చు, జైల్లో కూడా ఉండొచ్చు.

ఒక్క గుర్తు చూసి నిర్ణయానికి రాకండి, నాలుగైదు కలిపి చూడండి. కరెంటు మీటరు రీడింగ్ కదులుతోందా? ఉత్తరాలు తలుపు దగ్గర పోగుపడ్డాయా? పక్కింటివాళ్లు సామాను ఎక్కించడం చూశారా? అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు లోపల ఏం మిగిలిందన్నదే. ఇల్లు మారేవాళ్లు పాత సోఫా వదిలేస్తారు గానీ రోజూ వేసుకునే బీపీ మాత్రలు, చదువు సర్టిఫికెట్లు, పిల్లల స్కూలు బ్యాగులు వదిలేసి వెళ్లరు. ఇలాంటివి కనిపిస్తే ఇల్లు ఖాళీ చేశారని అనుకోకండి.

అనుమానం ఉన్నంతకాలం తాళం మార్చడం, సామాను బయట పెట్టడం వద్దు. భారత్‌లో 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 ప్రకారం, చట్టబద్ధమైన పద్ధతిలో కాకుండా ఖాళీ చేయించబడిన వ్యక్తి ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి స్వాధీనం అడగవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్నది పక్కకు పోతుంది, ఎవరు స్వాధీనంలో ఉన్నారన్నదే చూస్తారు. ఇంగ్లండ్‌లో చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టడం 1977 నాటి చట్టం కింద నేరమే. కాబట్టి ఫోన్, మెసేజ్, ఈమెయిల్, అగ్రిమెంటులో రాసిన అత్యవసర నంబరు, పనిచేసే చోటు, ఇవన్నీ అయ్యాకే తర్వాతి అడుగు. ఎవరికి ఏ తేదీన ఎన్ని గంటలకు ఫోన్ చేశారో ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. అదే తర్వాత మీ ఫైల్లో మొదటి పేజీ అవుతుంది.

లోపలి నుంచి దుర్వాసన వస్తున్నా, మనిషికి ఏమైనా అయిందేమో అనిపించినా తాళం మీరు తీయకండి. పోలీసులను పిలిచి, వాళ్ల ఎదుటే తెరిపించండి.

2. చెయ్యి పెట్టకముందే వీడియో

వెళ్లిపోయారని తేలాక కూడా మొదట చేసే పని సర్దడం కాదు. ఏ వస్తువూ కదలక ముందు, గుమ్మం దగ్గర మొదలుపెట్టి గది గదికీ ఆపకుండా ఒక వీడియో తీయండి. తీస్తూ తేదీ, సమయం, పక్కన ఎవరున్నారో నోటితో చెప్పండి. అటక, స్టోర్‌రూమ్, మంచాల కింద, బాత్‌రూమ్ అలమర, పార్కింగ్, టెర్రస్ మీద అన్నీ రావాలి. ఆ తర్వాత విడిగా ఫోటోలు. ఒక్కరే వెళ్లొద్దు. మీ తమ్ముడో భార్యో కాకుండా, సంబంధం లేని మనిషి ఒకరు సాక్షిగా ఉంటే విలువ ఎక్కువ. పక్క ఫ్లాట్ వాళ్లు, అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ లాంటివాళ్లు సరిపోతారు.

చాలామందికి తెలియని చిన్న సంగతి ఒకటుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అందులో దాగి ఉండే సమయం, ప్రదేశం వివరాలు చెరిగిపోతాయి. అసలు ఫైలు మీ ఫోన్‌లో, మరో చోట కాపీగా ఉంచండి. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. భారత్‌లో 2023 నాటి సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డు పెట్టాలంటే దానికి సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫైలు చెరిపేసుకున్నవాళ్లకు అక్కడే ఇబ్బంది.

3. ఆ రోజే చూడాల్సినవి

నోటీసు గడువు కోసం ఆగలేనివి కొన్ని ఉంటాయి. కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఆహారం, వంటగదిలో కుళ్లుతున్న కూరగాయలు, పొంగిన చెత్తబుట్ట. వీటిని ఫోటో తీసి పారేయండి. ఆరోగ్యానికి హాని చేసేవాటిని తీసేసినందుకు మిమ్మల్ని తప్పుపట్టేవాళ్లు ఉండరు. ఫ్రిజ్‌ని శుభ్రం చేసి, తలుపు కొంచెం తెరిచే ఉంచండి, మూస్తే బూజు పడుతుంది. చిన్నపిల్లలు తిరిగే చోటైతే తలుపు ఊడదీయడమో, పూర్తిగా మూసుకోకుండా కట్టడమో చేయాలి. పాత ఫ్రిజ్‌లలో పిల్లలు చిక్కుకుని ఊపిరాడక చనిపోయిన ఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి.

గ్యాస్ సిలిండర్ ఉంటే వాల్వ్ కట్టి, గాలి తగిలే చోట నిలబెట్టి ఉంచండి. సిలిండర్ చాలాసార్లు గ్యాస్ కంపెనీ ఆస్తి, అద్దెకున్నవాళ్ల పేరు మీద ఉన్నది కనెక్షన్ మాత్రమే. పాత ఫోన్లు, పవర్ బ్యాంకులు ఉబ్బి కనిపిస్తే నొక్కొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, మామూలు చెత్తలో వేయొద్దు. లిథియం బ్యాటరీలు చెత్తబండిలో నలిగి అంటుకుంటాయి. క్లీనింగ్ సీసాలన్నీ ఒకే బకెట్‌లో ఒంపేయడం అన్నిటికంటే ప్రమాదం. బ్లీచింగ్ ద్రవం యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్, అమ్మోనియాతో కలిస్తే క్లోరమిన్ వాయువులు వస్తాయి. మూసిన బాత్‌రూమ్‌లో అవి పీలిస్తే నేరుగా ఆసుపత్రికే.

ఎలుక పెంటికలు కనిపిస్తే పొడిగా ఊడవకండి. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, గ్లవ్స్‌తో తుడిచి తీయాలి. దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే హంటా వైరస్ లాంటివి సోకే అవకాశం ఉంది. పరుపు కుట్ల వెంట నల్లటి చుక్కలు, చిన్న గోధుమ రంగు పెంకులు కనిపిస్తే నల్లులున్నట్టే. ఆ పరుపును ఇల్లంతా ఈడ్చుకెళ్లకుండా అక్కడే ప్లాస్టిక్ కవర్లో మూసేయండి. నల్లి రక్తం దొరకకపోయినా నెలల తరబడి బతకగలదు, ఖాళీ ఇల్లని ఊరుకుంటే పోదు.

పెంపుడు జంతువును వదిలేసి ఉంటే దానికి ఏ నోటీసూ అక్కర్లేదు. ముందు నీళ్లు, తిండి. తర్వాత జంతు సంరక్షణ సంస్థకో స్థానిక అధికారులకో సమాచారం, ఆపైన దాన్ని వదిలేసి వెళ్లినవాళ్లకు ఫోన్.

4. జాబితా: ఎంత ఓపిక ఇక్కడ పెడితే అంత మంచిది

అందరూ తొందరపడేది ఇక్కడే. "ఒక బీరువా, బట్టలు, సామాన్లు" అని రాసి సంతకం పెట్టేస్తారు. అలాంటి జాబితా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మంచి జాబితాలో ప్రతి వస్తువుకూ నంబరు, ఏ గదిలో ఏ మూల దొరికింది, రంగు, కంపెనీ, సీరియల్ నంబరు, ఇప్పుడున్న స్థితి ఉంటాయి. "టీవీ" అని కాకుండా "32 అంగుళాల టీవీ, నలుపు, కింది ఎడమ మూల తెర పగిలింది, రిమోట్ లేదు, ఆన్ చేసి చూడలేదు" అని రాయండి. పగుళ్లు, గీతలు ముందే రాసి ఉంటే "మీ దగ్గర పెట్టాక విరిగింది" అనే మాటకు జవాబు దొరుకుతుంది.

కంటికి కనిపించింది రాయండి, ఊహించింది రాయొద్దు. సొరుగులో పచ్చగా మెరిసే గొలుసు దొరికితే "బంగారు గొలుసు" అని రాయకండి. "పసుపు రంగు లోహపు గొలుసు, సుమారు జానెడు పొడవు, కొక్కెం ఉంది" అని రాయండి. బంగారమని మీరే రాసిచ్చి, తీరా అది గిల్టుదైతే, అసలుది మార్చేశారన్న నింద మీ మీదకొస్తుంది. తెల్ల రాయి "వజ్రం" కాదు, "తెల్లగా మెరిసే రాయి". వాచీ మీద ఏ పేరుంటే "ఆ పేరు రాసి ఉన్న వాచీ". పోలీసుల పంచనామాల్లో కూడా ఇలాగే రాస్తారు.

తాళం వేసినవి, సీలు వేసినవి, టేపు అంటించినవి తెరవొద్దు. "గోధుమ రంగు సూట్‌కేసు, తాళం వేసి ఉంది, తెరవలేదు, ఎత్తితే బరువుగా ఉంది" అంటే చాలు. చూడాలన్న కుతూహలం ఉంటుంది, కాదనను. కానీ తెరిచిన క్షణం నుంచి లోపలున్న ప్రతిదానికీ, లోపల లేనిదానికి కూడా మీరే జవాబుదారీ. ఏదైనా కుళ్లుతోందనో, ప్రమాదకరమైనది ఉందనో అనిపిస్తే మాత్రం సాక్షి ఎదుట, వీడియో తీస్తూ తెరవండి.

నగదు దొరికితే సాక్షి ముందు లెక్కపెట్టి, ఏ నోట్లు ఎన్నో రాసి, కవర్లో వేసి, అంటించిన చోట ఇద్దరూ సంతకం చేయండి. జాబితా ప్రతి పేజీ కింద కూడా ఇద్దరి సంతకాలు, తేదీ.

5. ఎవరి వస్తువు, ఎలాంటి వస్తువు

జాబితా అయ్యాక విడగొట్టండి. ఇంట్లో ఉన్నవన్నీ అద్దెకున్నవాళ్లవే అనుకోవడానికి లేదు. సోఫా నెలవారీ అద్దెకు తెచ్చింది కావచ్చు, వాషింగ్ మెషీన్ వాయిదాల్లో ఉండొచ్చు, ల్యాప్‌టాప్ మీద ఆఫీసు స్టిక్కర్ ఉండొచ్చు, వైఫై పెట్టె ఇంటర్నెట్ కంపెనీది కావచ్చు. స్టిక్కర్ మీద నంబరుంటే ఆ కంపెనీకి ఫోన్ చేసి, వాళ్లదేనని రాతపూర్వకంగా చెప్పించుకుని, రశీదు మీద అప్పగించండి. ఇలా రెండు మూడు పెద్ద వస్తువులు తేలిగ్గా తగ్గిపోతాయి.

గోడకు బిగించినవి వేరే కథ. ఫ్యాన్లు, గీజర్, ఏసీ, గోడ అలమర మీవా వాళ్లవా అన్నది ముందు అగ్రిమెంటులో చూడండి. అందులో లేకపోతే చట్టం వైపు చూడాలి. భారత్‌లో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం, అద్దెకున్నవారు తాము బిగించినవాటిని ఒప్పందం ముగిశాక కూడా తీసుకెళ్లవచ్చు, కానీ ఇల్లు వాళ్ల స్వాధీనంలో ఉన్నంతవరకే. ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి కూడా. తాళాలిచ్చి వెళ్లిపోయి, ఏడాది తర్వాత వచ్చి ఫ్యాన్ విప్పుకుంటానంటే కుదరకపోవచ్చు.

వాహనాన్ని మాత్రం ఇంటి సామానులో కలపొద్దు. రిజిస్ట్రేషన్ ఇంకొకరి పేరు మీద ఉంటుంది. దాన్ని మీరు అమ్మలేరు, తుక్కుకూ వేయలేరు. నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు ఫోటో తీసి, పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. దొంగబండి అయితే ఆ ముద్రే మిమ్మల్ని కాపాడుతుంది. ఆయుధాలు, తూటాలు, మాదకద్రవ్యాల్లా కనిపించేవి ముట్టుకోకుండా, తలుపు మూసి, పోలీసులకు ఫోన్ చేయాలి. వాటిని మోసుకుని స్టేషనుకు మీరే వెళ్లడం కూడా తప్పే, దారిలో అవి మీ దగ్గర ఉన్నట్టవుతుంది.

పాస్‌పోర్టు చాలా దేశాల్లో ప్రభుత్వ ఆస్తి. భారత్‌లో 1967 నాటి పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 17 ఆ మాట నేరుగానే చెబుతుంది. పాస్‌పోర్టులో పేరున్న మనిషి దొరకకపోతే పాస్‌పోర్టు కార్యాలయానికో పోలీసులకో అప్పగించాలి. సర్టిఫికెట్లు, ఆస్తి పత్రాలు, బ్యాంకు కాగితాలు, కుటుంబ ఫోటోలు, మతపరమైన వస్తువులు, చితాభస్మం ఉన్న పాత్ర లాంటివి ఒక పెట్టెలో విడిగా పెట్టండి. వాటికి బజారులో విలువ ఉండదు, పోతే మాత్రం పూడ్చలేం. మిగతా సామానుకు ఏ గడువు పెట్టినా ఈ పెట్టెకు ఇంకా ఎక్కువ ఇవ్వండి.

ఫోన్లు, కంప్యూటర్లు, హార్డ్ డిస్కులు ఆన్ చేసి చూడకండి. పాస్‌వర్డ్ లేకపోయినా సరే. లోపలున్నది వాళ్ల జీవితం, మీకు దానితో పనిలేదు. చివరికి వదిలించుకోవాల్సి వచ్చినప్పుడు కూడా మామూలు ఫార్మాట్‌తో డేటా పూర్తిగా పోదు. డేటా ధ్వంసం చేసినట్టు సర్టిఫికెట్ ఇచ్చే ఈ-వేస్ట్ సంస్థకే ఇవ్వండి.

6. మీరున్న చోట చట్టం ఎన్ని రోజులంటుంది?

ఇక్కడ ఒక చోటి లెక్క ఇంకో చోట పనికిరాదు. ఎంత తేడా ఉంటుందో చూడండి. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఓనరు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, చేతికిస్తే 15 రోజులు, పోస్టులో పంపితే 18 రోజులు గడువుండాలి. మిగిలిన సామాను విలువ 700 డాలర్లు, అంతకు మించి ఉందనిపిస్తే బహిరంగ వేలమే వేయాలి, తక్కువైతే ఓనరు ఉంచుకోవచ్చు, పారేయవచ్చు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో విలువైన సామానును 60 రోజులు దాచాలి. అదే దేశంలోని ఒంటారియోలో కోర్టు అధికారి వచ్చి ఖాళీ చేయించాక 72 గంటలపాటు, ఉదయం 8 నుంచి రాత్రి 8 మధ్య సామాను తీసుకోనిస్తే చాలు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో విలువైన వస్తువులకు 14 రోజులు, వ్యక్తిగత పత్రాలకు 90 రోజులు. ఇంగ్లండ్‌లో 1977 నాటి వస్తువుల చట్టం ప్రకారం అమ్మే ముందు నోటీసివ్వాలి, ఆ వస్తువుల తాలూకు ఖర్చేదైనా వాళ్లు మీకు బాకీ ఉంటే గడువు మూడు నెలలకు తగ్గకూడదు.

భారత్‌లో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం దారి చూపిస్తుంది. ఇంకొకరి వస్తువు దొరికి దగ్గర పెట్టుకున్నవారికి, వస్తువు అప్పగించబడినవారికి ఉండే బాధ్యతే ఉంటుందని సెక్షన్ 71 చెబుతుంది. మామూలు తెలివిగల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చాలంటుంది సెక్షన్ 151. సెక్షన్ 169 అమ్మకానికి దారి ఇస్తుంది, కానీ ఇరుకుగా. తగిన ప్రయత్నం చేసినా యజమాని దొరకకపోవాలి, లేదా న్యాయమైన ఖర్చులు ఇవ్వనని అనాలి. దానికి తోడు వస్తువు పాడైపోయే లేదా విలువ చాలావరకు కోల్పోయే ప్రమాదం ఉండాలి, లేకపోతే మీకు రావాల్సిన ఖర్చులు దాని విలువలో మూడింట రెండు వంతులకు చేరాలి. ఇవేవీ చూడకుండా దురుద్దేశంతో సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 314 ఉంది, శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు. విలువైన సామాను ఉన్నప్పుడు లాయర్‌తో ఒకసారి మాట్లాడండి, ఆ ఫీజు దండగ అనుకోవద్దు.

"అద్దె బాకీ ఉంది కదా, సామాను పట్టుకుంటా" అనేది ఓనర్లు ఎక్కువగా చేసే పని. చాలాచోట్ల ఇది చెల్లదు. ఇంగ్లండ్‌లో బాకీ కింద సామాను జప్తు చేసుకునే పాత హక్కునే 2014 ఏప్రిల్ 6 నుంచి తీసేశారు, ఇళ్ల విషయంలో అది ఇప్పుడు లేదు. బాకీకి డిపాజిట్ ఉంది, దావా ఉంది. సామాను దానికి తాకట్టు కాదు.

7. నోటీసు

మొదట మామూలు మెసేజ్ పెట్టండి. సగం కేసులు అక్కడే తెగిపోతాయి: "అయ్యో, అవి అక్కర్లేదండీ, పారేయండి" అంటారు. ఆ మాట ఫోన్లో అంటే మెసేజ్‌గా పెట్టమని అడగండి. అదొక్కటీ ఉంటే మిగతా అడుగులన్నీ దాటేయొచ్చు.

జవాబు రాకపోతే రాతపూర్వక నోటీసు. చట్టం భాష అక్కర్లేదు, ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్కారం అండీ. మీరు అద్దెకున్న ఇంట్లో మీ సామాను కొంత ఉండిపోయింది. తేదీ వేసిన జాబితా, ఫోటోలు దీనితో జతచేశాను. సామాను ప్రస్తుతం తాళం వేసిన గదిలో భద్రంగా ఉంది. ఫలానా తేదీ సాయంత్రం 6 గంటలలోపు వచ్చి తీసుకెళ్లగలరు. ముందురోజు ఈ నంబరుకు ఫోన్ చేస్తే గది తెరిచి ఉంచుతాను. మీరు రాలేకపోతే, సంతకం చేసిన కాగితం, గుర్తింపు కార్డు కాపీ ఇచ్చి వేరేవాళ్లను పంపవచ్చు. ఈ తేదీ దాటితే చట్టం అనుమతించిన విధంగా సామానును అమ్మడం, దానం చేయడం లేదా పారేయడం జరుగుతుంది. అమ్మగా వచ్చిన డబ్బులో రశీదులున్న ఖర్చులు పోను మిగిలింది మీకే ఇస్తాను. ఇందులో మీది కాని వస్తువు ఉంటే దయచేసి తెలియజేయండి."

బెదిరింపు మాటలు, పాత గొడవలు, గోడకు పడ్డ మేకు రంధ్రాల లెక్క ఇందులో కలపొద్దు. ఇది రేపు జడ్జి చదవాల్సి వచ్చినా మీరు సిగ్గుపడకుండా ఉండాలి. పంపేటప్పుడు ఒక్క దారి మీద ఆధారపడకండి. కొత్త చిరునామా తెలిస్తే అక్కడికి, లేకపోతే అగ్రిమెంటులో ఉన్న శాశ్వత చిరునామాకు, చేరినట్టు రుజువు దొరికే పోస్టులో పంపండి. అదే రోజు ఈమెయిల్, మెసేజ్ కూడా. పోస్టు కవరు తిరిగొస్తే చింపి చూడకండి, అలాగే ఫైల్లో పెట్టండి. తెరవని కవరే మీరు ప్రయత్నించినందుకు సాక్ష్యం. చట్టంలో రోజుల లెక్క లేని చోట 30 రోజులు ఇవ్వడం నా సలహా. వారం మరీ తక్కువ, ఆరు నెలలు మీకే భారం.

8. దాచిపెట్టడం, అప్పగించడం

కొత్తవాళ్లు దిగే ఇంట్లోనే పాత సామాను ఒక గదిలో పెట్టి తాళం వేయడం చూడటానికి చవక, కానీ మంచిది కాదు. కొత్తవాళ్లు పూర్తి ఇంటికి అద్దె కడుతున్నారు, పైగా ఏదైనా కనిపించకపోతే ముగ్గురి మధ్య గొడవ. పొడిగా ఉండే వేరే గది, స్టోరేజీ యూనిట్ నయం. పెట్టెలకు జాబితా నంబర్లు అంటించండి, నేలకు ఆనకుండా చెక్కల మీద పెట్టండి, తాళం చెవి ఒకరి దగ్గరే ఉండాలి. ఆ మిక్సీ ఒక్కసారే కదా, ఆ సైకిలు పాలకోసమే కదా అని వాడొద్దు. వాడిన రోజు నుంచి మీరు కాపలాదారు కాదు.

రవాణా, నిల్వ ఖర్చులకు ప్రతిదానికీ రశీదు తీసుకోండి. అయిన ఖర్చే అడగాలి. సొంత గదిలో పెట్టి రోజుకింత అని నోటికొచ్చిన లెక్క వేస్తే ఎక్కడా నిలబడదు.

వాళ్లు వచ్చిన రోజు టెన్షన్ పడాల్సిందేమీ లేదు. జాబితా రెండు కాపీలు, పక్కన సాక్షి, ఒక్కో నంబరు చదువుతూ టిక్కు పెట్టడం, చివర "పైన రాసిన వస్తువులన్నీ రాసి ఉన్న స్థితిలో అందాయి, ఇక ఏమీ రావాల్సినది లేదు" అని సంతకం. సగమే తీసుకెళ్లి మిగతాది వద్దంటే, వద్దన్న నంబర్లు రాయించి దానికీ సంతకం తీసుకోండి. మీ అద్దె బాకీ గురించి ఆ రోజు పట్టుబట్టకండి. సామాను పోయాక ఆ మాట విడిగా మాట్లాడుకోవచ్చు.

9. గడువు దాటింది, ఎవరూ రాలేదు

గడువు ముగిసిన మర్నాడు ఒక చివరి మెసేజ్ పెట్టి, మరో రెండు మూడు రోజులు ఆగండి. చట్టం అడక్కపోయినా ఇది చేయండి, ఖర్చేమీ లేదు. ఆ తర్వాత విలువైనవి మీ చోటి చట్టం అనుమతించిన విధంగా అమ్మాలి. ఇద్దరు ముగ్గురి దగ్గర ధర రాతలో అడిగి, ఎక్కువ ఇచ్చినవాళ్లకు అమ్మి, రశీదు తీసుకోండి. మీరుగానీ మీ చుట్టాలుగానీ కొనుక్కోకండి, ధర సరైనదే అయినా నమ్మేవాళ్లుండరు. వచ్చిన డబ్బులోంచి రశీదులున్న ఖర్చులు తీసేసి, మిగిలింది వాళ్ల ఖాతాకు పంపండి. ఖాతా తెలియకపోతే విడిగా ఉంచి, లెక్క రాసి, ఆ లెక్క కాపీ వాళ్ల చిరునామాకు పంపండి. కొన్నిచోట్ల మిగులును ప్రభుత్వానికి జమచేయాలి.

వాడదగిన బట్టలు, పుస్తకాలు, పాత్రలు సేవా సంస్థకు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. మందులు మాత్రం దానమివ్వకండి, టాయిలెట్లో వేయకండి. వెనక్కి తీసుకునే మందుల షాపు దొరకకపోతే, మాత్రలను మట్టిలోనో వాడేసిన టీ పొడిలోనో కలిపి, కవర్లో మూసి చెత్తలో వేయాలి. సీసా మీద పేరు కనిపించకుండా గీకేయండి. పేరున్న కాగితాలన్నీ ముక్కలు చేశాకే బయటికి వెళ్లాలి. మిగిలిన చెత్తను చివరగా ఒక ఫోటో తీసి పంపించండి.

10. మామూలుగా లేని సందర్భాలు

అద్దెకున్న మనిషి చనిపోతే పైన చెప్పిన గడువులు అలాగే వర్తిస్తాయని అనుకోవద్దు. సామాను వారసులకు చెందుతుంది, వారసులెవరో మీరు తేల్చకూడదు. ముందు వచ్చి ఏడ్చిన చుట్టానికి తాళం ఇచ్చేస్తే, వారం తర్వాత అసలు కూతురు వస్తుంది. వారసత్వ పత్రమో కోర్టు ఉత్తర్వో అడగండి. అంత్యక్రియలకు కావాల్సిన బట్టలు, మనిషి గుర్తింపు కాగితాలు లాంటివి సాక్షి ముందు, సంతకం తీసుకుని ఇవ్వవచ్చు.

భార్యాభర్తలు విడిపోయి ఒకరే వచ్చినప్పుడు, స్నేహితులు కలిసి ఉండి ఒకరు ముందే వెళ్లిపోయినప్పుడు, అగ్రిమెంటులో సంతకం చేసిన అందరికీ ఒకే నోటీసు వెళ్లాలి. ఇద్దరూ ఒకే వస్తువు నాదంటే మీరు తీర్పు చెప్పకండి. ఇద్దరూ కలిసి సంతకం చేసిన కాగితం తెచ్చేదాకా, లేదా కోర్టు చెప్పేదాకా ఆ వస్తువు అక్కడే ఉంటుందని రాసి పంపండి. జైల్లోనో ఆసుపత్రిలోనో ఉన్నారని తెలిస్తే నోటీసు అక్కడికి కూడా పంపి, గడువు పెంచండి.

11. ఫైలు, తర్వాతి అగ్రిమెంటు

వీడియో, జాబితా, నోటీసు, పోస్టు రశీదులు, అమ్మిన లెక్క, అన్నీ ఒక చోట ఉంచండి. భారత్‌లో వస్తువుల కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి, ఇంగ్లండ్‌లో ఆరేళ్లు. అంతకాలం ఫైలు దాచాలి.

కొత్తవాళ్లతో రాసుకునే అగ్రిమెంటులో ఒక పేరా చేర్చండి: ఖాళీ చేశాక సామాను మిగిలితే ఎలా తెలియజేస్తారు, ఎన్ని రోజులు ఉంచుతారు, నిల్వ ఖర్చు ఎవరిది, గడువు దాటితే ఏం చేస్తారు. ఇది మీ ప్రాంత చట్టాన్ని మించి పోకూడదు, అయినా గొడవలో సగం దీనితోనే తీరుతుంది. బిగించిన వస్తువుల జాబితా, ఏవి ఓనరువో ఏవి వాళ్లవో, దిగేరోజే ఫోటోలతో రాసుకోండి.

ఖాళీ చేసే రోజు లారీ కదలకముందే మీరో మీ మనిషో వెళ్లి, వాళ్లతో కలిసి అటక, బాల్కనీ, స్టోర్‌రూమ్, పార్కింగ్ తిరగండి. ఏదైనా మిగిలితే "ఇది తీసుకెళ్తారా, వద్దా?" అని అక్కడే అడిగి, వద్దన్నవి ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. డిపాజిట్ లెక్క ఆ కాగితం తర్వాతే. అదే కాగితం మీద వాళ్ల కొత్త చిరునామా, వాళ్ల నంబరు కాకుండా ఇంకొకరి నంబరు కూడా రాయించుకోండి.